చిత్తూరు పల్ప్ ఫ్యాక్టరీ ఆఫీసులో ఏఐ: ఏ పని ఇవ్వొచ్చు, ఏది ఇవ్వకూడదు

అమ్మా, మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. బీకాం చదివి చిత్తూరు దగ్గర ఒక మామిడి పల్ప్ ఫ్యాక్టరీ ఆఫీసులో రెండు సీజన్లుగా పనిచేస్తున్నారు. మీ ఓనరు గారు తిరుపతిలో ఏదో సదస్సుకు వెళ్లొచ్చి, ఇకమీదట అన్నీ ఏఐతోనే చేయాలన్నారు. పక్క సీటు అబ్బాయి మెయిళ్ల నుంచి లెక్కల దాకా దానికే అప్పజెప్పి ఐదున్నరకల్లా బండి తీస్తున్నాడు. మీకేమో ఇంగ్లీషు అంతంతమాత్రం, పైగా ఉద్యోగం పోతుందేమోనని టెన్షన్. ఏ టూల్ నేర్చుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అన్నారు.

నేను 24 ఏళ్లు ఈ పనిలోనే ఉన్నాను. కాటా దగ్గర చీటీలు రాయడంతో మొదలుపెట్టి, ఎగుమతి పత్రాల దాకా వచ్చాను. ఇప్పుడు తిరుపతిలో ఇంటి నుంచే మూడు ఫ్యాక్టరీలకు ఆ పత్రాల పని చూస్తున్నాను. ఏఐని మూడేళ్లుగా రోజూ వాడుతున్నాను, దానివల్ల ఒకసారి డబ్బు కూడా పోగొట్టాను. అది కూడా చెబుతాను.

ఏ టూల్ అన్నదానికి ఎక్కువ సమయం పెట్టకండి. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చినప్పుడు అందరి నోటా అదొక్కటే ఉండేది. ఇప్పుడు జెమిని, క్లాడ్, పెర్‌ప్లెక్సిటీ, ఇంకా చాలా ఉన్నాయి. మన దేశంలో వాటిని ఎదురొచ్చి మరీ ఇచ్చారు. 2025 జులైలో ఎయిర్‌టెల్ వాళ్లు పెర్‌ప్లెక్సిటీని, అక్టోబరు చివర్లో జియో వాళ్లు జెమిని ప్రోను ఉచితంగా ఇస్తామన్నారు. నవంబరు 4 నుంచి చాట్‌జీపీటీ గో ఏడాది ఉచితం అని ప్రకటించారు. మన ఆఫీసు పనికి వీటిలో ఏదైనా సరిపోతుంది. ఒకటి పట్టుకుని మూడు నెలలు వాడండి. వారానికో టూల్ మార్చేవాళ్లను చూశాను, ఒక్కటీ పట్టుబడదు.

అదెందుకు తప్పు చెబుతుందో మాత్రం ముందే తెలుసుకోవాలి. ఇప్పటి టూల్స్‌కి మూలం 2017లో గూగుల్ పరిశోధకులు ప్రచురించిన ట్రాన్స్‌ఫార్మర్ అనే పద్ధతి. కోట్ల పేజీలు చదివించి, ఇంతవరకు ఉన్న మాటల తర్వాత ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశం ఉందో లెక్కగట్టడం నేర్పారు. నిజమా కాదా అని చూసే కాటా అందులో విడిగా లేదు. 2025 సెప్టెంబరులో చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థ పరిశోధకులే ఇంకో కారణం రాశారు. వీటికి పెట్టే పరీక్షల్లో 'తెలియదు' అంటే సున్నా, ఊహించి చెబితే తగిలినా తగలొచ్చు. అందుకని ఊహించడమే అలవాటవుతుందట. మనకిది కొత్త సంగతేం కాదు. ఈఏపీసెట్‌లో నెగటివ్ మార్కులు లేవు కాబట్టి తెలియని ప్రశ్నకు కూడా ఏదో ఒక గడి నొక్కి వచ్చినవాళ్లమే కదా. ఏఐ కూడా అట్లాగే ఏదో ఒకటి నొక్కుతుంది. కాకపోతే, ఊహించిన జవాబును కూడా తెలిసిన జవాబంత ధీమాగా రాస్తుంది.

ఇప్పుడు నేను డబ్బు పోగొట్టిన సంగతి. 2024 సీజన్‌లో గల్ఫ్ కొనుగోలుదారు ఒకాయన, కంటైనర్ ఎప్పుడు లోడ్ చేస్తారని మెయిల్ పెట్టాడు. ఓడలో చోటు బుక్ చేసుకునేది ఆయనే. నేను నాకు వచ్చిన ఇంగ్లీషులో, కాయ రాకను బట్టి 12వ తేదీకల్లా లోడ్ చేయడానికి ప్రయత్నిస్తాం అని రాసుకుని, దీన్ని మర్యాదగా, ప్రొఫెషనల్‌గా మార్చు అని ఏఐకి ఇచ్చాను. చదవడానికి ఎంతో బాగుంది, పంపేశాను. అందులో కాయ రాక మాట లేదు. 'ప్రయత్నిస్తాం' పోయి 'కన్ఫర్మ్ చేస్తున్నాం' వచ్చింది. ఆ వారమంతా వాన. కోతలు ఆగిపోయాయి, డ్రమ్ములు నిండలేదు. బుక్ చేసిన చోటు వృథా అయిందని ఆ ఖర్చు ఆయన మా బిల్లులో కోసుకున్నాడు. మా ఓనరు నన్ను తిట్టలేదు. ఆ మెయిల్ ప్రింటు తీసి నా టేబుల్ అద్దం కింద పెట్టాడు. తిట్టినా బాగుండేది.

మర్యాదగా మార్చమంటే దానికి తెలిసిన మర్యాద ధీమాగా మాట ఇవ్వడమే. మన వ్యాపారంలో మాట ఇవ్వకుండా మర్యాదగా ఉండటమే అసలు విద్య. ఆ రోజు నుంచి మెయిల్ ఇచ్చిన ప్రతిసారీ ఒక వాక్యం కలుపుతాను: 'తేదీలు, అంకెలు, షరతులు ముట్టుకోవద్దు, నేను ఇవ్వని హామీ ఏదీ కలపవద్దు.' ఇంగ్లీషు అంతంతమాత్రం అన్నారు కాబట్టి మీకు పనికొచ్చే కిటుకు ఇంకొకటి. అది రాసిన ఇంగ్లీషు మెయిల్‌ను వేరే కొత్త చాట్‌లో పెట్టి, 'ఇందులో మేము ఏమేం ఒప్పుకుంటున్నాం, ఏ తేదీకి, తెలుగులో చెప్పు' అని అడగండి. అదే చాట్‌లో అడగొద్దు, మీరు మొదట చెప్పింది అక్కడ దాని ముందే ఉంటుంది కాబట్టి దాన్నే తిరిగి చెప్పే ప్రమాదం ఉంది. తెలుగులో వచ్చింది మీరు అనుకున్నదానితో సరిపోతే పంపండి. సందేహం ఉంటే 'విల్', 'షల్', 'కన్ఫర్మ్', 'గ్యారంటీ' అనే నాలుగు మాటలు మెయిల్‌లో ఎక్కడున్నాయో వేలు పెట్టి చూడండి. ఇంగ్లీషు పూర్తిగా రాకపోయినా ఈ నాలుగు మాటలు పట్టుకోవచ్చు.

లెక్కల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. 2025 సీజన్ మీకు గుర్తుండే ఉంటుంది. తోతాపురి ధర పడిపోయి, ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడ్డాయి. కిలోకు 12 రూపాయలు రైతుకు అందాలని, అందులో 8 ఫ్యాక్టరీ, 4 ప్రభుత్వం అని నిర్ణయించారు. దాంతో కాటా చీటీల జాబితా తప్పుల్లేకుండా ఉండటం ఎప్పటికన్నా ముఖ్యమైంది, ఎందుకంటే రైతుకు రావాల్సిన 4 రూపాయలు ఆ బరువు మీదే ఆధారపడ్డాయి. ఆ రోజుల్లో నేను పనిచేసే ఒకచోట కుర్రాడు పేర్లున్న భాగం కనపడకుండా కాటా చీటీలను ఫోటోలు తీసి, ఏఐకి ఇచ్చి, పట్టిక చేయించాడు. అచ్చు వేసినట్టు చక్కని పట్టిక. ఇచ్చిన చీటీలు 412, పట్టికలో వరసలు 397. పదిహేను ఎగిరిపోయాయన్న మాట ఎక్కడా లేదు. కింద మొత్తం మాత్రం వేసి పెట్టింది. కాటా రిజిస్టర్ మొత్తంతో పోల్చబట్టి బయటపడింది. వెతికితే ఇంకో రెండు చోట్ల చేతిరాతలో 1 అంకె 7 అయింది. ఒక్కో చీటీ ఒక్కో రైతు కుటుంబం. ఎగిరిపోయిన చీటీ మనకు పదిహేనింటిలో ఒక వరస, ఆ రైతుకు ఆ ఏటి పంట.

కాబట్టి ఫోటోలు ఇస్తే ముప్పై నలభైకి మించి ఒకేసారి ఇవ్వొద్దు. ప్రతి విడతకూ ఎన్ని చీటీలు, మొత్తం బరువు ఎంత అని మీరు ముందే కాగితం మీద రాసుకోండి, తర్వాత పోల్చండి. ఇది ఏఐ పాఠం కాదు, పాత గుమాస్తాలు చిట్టాకూ ఖాతాకూ పొంతన చూసే పద్ధతే. రెండోది, కూడికలు దానిచేత చాట్‌లో నోటితో చెప్పించకండి. ఎక్సెల్ సూత్రం రాయమనండి, లెక్క ఎక్సెల్ చేస్తుంది. ఉదాహరణకు మనం సాధారణంగా 215 కిలోల డ్రమ్ములు 80 వేసి ఇరవై అడుగుల కంటైనర్ నింపుతాం, అంటే 17,200 కిలోలు. లాట్ నంబరు వారీగా ఎన్ని కంటైనర్లు అవుతాయి, చివర ఎన్ని డ్రమ్ములు మిగులుతాయి అన్న పట్టికకు సూత్రం అడిగితే రెండు నిమిషాల్లో ఇస్తుంది. ఈ 80, 17,200 పెట్టి ఒకసారి సరిచూస్తే సూత్రం మంచిదో కాదో అక్కడే తెలిసిపోతుంది. నిజం చెప్పాలంటే ఏఐ వల్ల నాకు ఎక్కువ లాభం కలిగింది ఇక్కడే. ఇరవై ఏళ్లుగా ఎక్సెల్‌లో నాకు కూడిక, తీసివేత తప్ప రాదు. ఇప్పుడు రెండు షీట్లలో లాట్ నంబర్లు పోల్చి తేడా ఎర్రగా చూపించే పట్టికలు నేనే చేసుకుంటున్నాను. కొన్ని టూల్స్ ఇప్పుడు వెనకాల చిన్న ప్రోగ్రాం రాసి, దాన్ని నడిపి లెక్క చెబుతున్నాయి. 'ప్రోగ్రాం నడిపి లెక్కించు' అని అడిగితే తప్పులు బాగా తగ్గుతాయి.

ఇందాక ఆ కుర్రాడు పేర్లు కనపడకుండా ఫోటోలు తీశాడన్నాను కదా, అది నేను పెట్టిన నియమమే. రైతు జాబితాలో ఆధార్ ఉంటుంది, బ్యాంకు ఖాతా ఉంటుంది, ఫోన్ నంబరు ఉంటుంది. వాటిని ఉచితంగా వచ్చిన చాట్‌లో పెట్టడమంటే బజారులో పరవడమే అని నేను అనుకుంటాను. కొందరు ఇది అతి అంటారు, అననివ్వండి. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో ప్రకటించారు, జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. అంతకుముందే 2025 జనవరిలో కేంద్ర ఆర్థిక శాఖ తమ ఉద్యోగులకు, ఆఫీసు కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ లాంటివి వాడొద్దని చెప్పింది. ఫైలు ఇచ్చే ముందు ఆ గడులు తీసేసి, పేరు స్థానంలో వరస సంఖ్య పెట్టండి. పని అయ్యాక వరస సంఖ్యతో పేర్లు మీ దగ్గర కలుపుకోండి. ఐదు నిమిషాల పని. కొనుగోలుదారు పేరు, ధర కూడా అంతే. సెట్టింగ్స్‌లో మన చాట్లను శిక్షణకు వాడుకోవద్దని చెప్పే మీట ఉంటుంది, అదీ ఆపేయండి.

పాతబడిన సమాచారం ఇంకో చిక్కు. ప్రతి టూల్‌కూ చదువు ఆపేసిన తేదీ ఒకటి ఉంటుంది, ఆ తర్వాత జరిగింది వెతికితే తప్ప తెలియదు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్‌టీలో 12, 28 శాతం శ్లాబులు దాదాపుగా ఎత్తేశారు. అది జరిగిన చాలా రోజుల తర్వాత కూడా నా టూల్ 12 శాతం శ్లాబు ఇంకా ఉన్నట్టే, ఎక్కడా తడబడకుండా లెక్క వేసి ఇచ్చింది. అడ్రసులూ అంతే. దామలచెరువు మండీ వ్యాపారి అడ్రసు ఇస్తే, అడక్కుండానే చివర చిత్తూరు జిల్లా అని తగిలించింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి పాకాల మండలం తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అంతకుముందు రాసిన పేజీలు ఇంటర్నెట్‌లో కొండంత ఉన్నాయి, దానికి వాటి బలమే ఎక్కువ. పన్ను రేటు, అడ్రసు, సుంకం, గడువు, ఈ నాలుగూ అధికారిక పోర్టల్లో చూసుకోవాల్సిందే.

తెలుగులో ఎంత పనికొస్తుందని కూడా మీకు అనుమానం ఉండొచ్చు. ఒకప్పుడు బాగా ఇబ్బందే. ఈ టూల్స్ మాటలను టోకెన్లనే ముక్కలుగా కోసుకుని చదువుతాయి. మన అక్షరాలను మరీ పిండి చేసేవి. 2024 మేలో చాట్‌జీపీటీకి జీపీటీ-4ఓ అనే కొత్త రకం తెచ్చినప్పుడు ఓపెన్‌ఏఐ ఇచ్చిన ఉదాహరణలో, ఒకే తెలుగు వాక్యానికి అంతకుముందు 159 ముక్కలు పట్టేవి, 45కి తగ్గాయి. అప్పటినుంచి తెలుగులో రాసినా పని జరుగుతోంది. రైతులకు నోటీసు, కోత తేదీల సందేశం లాంటివి నేను తెలుగులోనే రాయిస్తాను, తర్వాత పుస్తకాల భాష కనిపించినచోట దిద్దుతాను. 'పల్ప్' అని మనమంతా అంటుంటే అది 'గుజ్జు' అని రాస్తుంది. తప్పు కాదు కానీ బంగారుపాళ్యం రైతు చదివి నవ్వుతాడు.

మన మాటతీరు దానికి ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. ర్యాంపు దగ్గరి మనిషి వాయిస్ మెసేజ్ పెట్టాడు, 'బెంగళూరా మూడు లోడ్లు పోయినాయి' అని. తోతాపురిని మనవైపు బెంగళూరా అంటామని దానికేం తెలుసు. మూడు లోడ్లు బెంగళూరుకు పంపించారని ఇంగ్లీషులో రాసిపెట్టింది. మా ఓనరు గారు అది చూసి, మన కాయ కర్ణాటకకు ఎవడు అమ్మాడని గంటసేపు ఫోన్లు చేశాడు. ఇప్పుడు నా చాట్ మొదట్లో చిన్న పదకోశం పెట్టుకున్నాను: బెంగళూరా అంటే తోతాపురి, ర్యాంపు అంటే రోడ్డు పక్కన కాయలు కొనే చోటు, లోడు అంటే ట్రాక్టరు లేదా లారీ, ఏదో చెప్పకపోతే నన్ను అడుగు. మీ ఆఫీసు మాటలతో ఇలాంటిది ఒకటి చేసుకుంటే సగం తప్పులు పోతాయి.

ఇక ఉద్యోగం సంగతి. మీకు తీపి మాటలు చెప్పను. చూసి టైపు చేయడం ఒక్కటే పనిగా ఉన్న సీట్లు తగ్గుతాయి, నేను వెళ్లే ఒకచోట ఇద్దరు చేసే పని ఒక్కరికి వచ్చింది కూడా. అయితే మీలాంటి కొత్తవాళ్లకు ఇందులో లాభం ఎక్కువన్న మాట కూడా నిజమే. కస్టమర్ సపోర్టు చేసే సుమారు ఐదు వేల మంది మీద ఆర్థికవేత్తలు ఒక అధ్యయనం చేశారు. ఏఐ సాయంతో సగటున 14 శాతం ఎక్కువ పని జరిగింది, కొత్తగా చేరినవాళ్లకు 34 శాతం పెరిగింది, అనుభవం ఉన్నవాళ్లకు పెద్దగా ఒరిగింది లేదు. అనుభవజ్ఞుల కిటుకులే ఏఐ ద్వారా కొత్తవాళ్లకు అందాయని వాళ్ల వివరణ. దీనికి ఎదురుగా 2025లో మెటర్ అనే సంస్థ చేసిన పరీక్ష ఒకటి ఉంది. బాగా అనుభవం ఉన్న 16 మంది ప్రోగ్రామర్లు ఏఐతో తమకు 20 శాతం సమయం కలిసొచ్చిందని అనుకున్నారు, గడియారం చూస్తే నిజానికి 19 శాతం ఎక్కువ పట్టింది. అది ప్రోగ్రాముల పని, మనది కాదు. అయినా పక్క సీటు అబ్బాయి ఐదున్నరకు వెళ్లిపోతున్నాడని మీరు రాసినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. ఆయన పంపిన పత్రాల్లో ఎన్ని బ్యాంకు నుంచి తిరిగొచ్చాయో, వాటిని ఎవరు దిద్దారో కూడా లెక్కలోకి రావాలి. దిద్దింది మీరే అయితే మీ ఓనరు గారికి ఒకసారి చెప్పండి, ఫిర్యాదులా కాకుండా.

ఎందుకంటే పత్రం తప్పైతే అడిగేది సంతకం పెట్టినవాళ్లనే. 2023లో న్యూయార్కులో ఒక విమాన సంస్థ మీద వేసిన కేసులో లాయర్లు చాట్‌జీపీటీ కల్పించిన, అసలు లేని తీర్పులను కోర్టుకిచ్చారు. జడ్జి 5,000 డాలర్ల జరిమానా లాయర్లకు వేశాడు. మన పనిలో అయితే బిల్ ఆఫ్ లేడింగ్‌లో (సరుకు ఓడకెక్కినట్టు ఇచ్చే రసీదు) ఒక అక్షరం ఎల్‌సీతో (డబ్బు ఇస్తామని కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) కలవకపోయినా బ్యాంకు అభ్యంతరం పెట్టి డబ్బు ఆపొచ్చు.

మీ ఓనరు గారు సదస్సులో ఏజెంట్ల గురించి కూడా విని వచ్చి ఉంటారు. 2025లో వీటి హడావిడే ఎక్కువ: మనం చెబితే బ్రౌజర్ తెరిచి, అదే నొక్కి, అదే ఫారాలు నింపే రకం. చూడ్డానికి బాగుంటాయి. జీఎస్‌టీ పోర్టల్, బ్యాంకు, కస్టమ్స్ లాగిన్లు మాత్రం వాటి చేతికి ఇవ్వొద్దు, ఓటీపీ అసలే వద్దు. వెబ్ పేజీలోనో, వచ్చిన మెయిల్‌లోనో కంటికి కనిపించకుండా రాసిన ఆదేశాలను కూడా ఇవి మన ఆదేశాలే అనుకుని పాటించే ప్రమాదం ఉంది. తయారుచేసే కంపెనీలే ఈ సంగతి చెబుతున్నాయి.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, గత సీజన్ ఫైళ్లతో. సీజన్ ఒత్తిడి లేని నెలల్లో, పూర్తయిపోయి డబ్బు కూడా వచ్చేసిన ఒక ఎగుమతి ఫైలు తీయండి. పేర్లు, ధరలు తీసేసి, ఆ పనిని మొదటి నుంచి ఏఐతో చేయించండి. సరైన జవాబు ఏమిటో ఆ ఫైల్లోనే ఉంది కాబట్టి అది ఎక్కడ తప్పుతుందో మీకే కనిపిస్తుంది, నష్టమూ ఉండదు. నాలుగైదు ఫైళ్లు ఇట్లా చేస్తే దానికి ఏ పని ఇవ్వాలో మీకు నాకన్నా బాగా తెలుస్తుంది. మెయిళ్లు, పట్టికలు అయ్యాక ఎల్‌సీ దగ్గరికి రండి. ఈ రంగంలో మీ విలువ పెరిగేది అక్కడే, నేర్పేవాళ్లు కూడా తక్కువ. ఎల్‌సీ షరతులు సరిచూడటానికి నేను వాడే ప్రశ్న ఇది (44సీ, 31డీ లాంటివి ఎల్‌సీలో గడుల నంబర్లు), మీకు తగ్గట్టు మార్చుకోండి:

'కింద ఒక ఎల్‌సీ పాఠం ఉంది, పేర్లు తీసేశాను. 44సీలో ఉన్న చివరి షిప్‌మెంట్ తేదీ, 31డీలో ఉన్న గడువు ముందు రాయి. 46ఏలో అడిగిన ప్రతి పత్రం, 47ఏలో ఉన్న ప్రతి షరతు ఒక్కో వరసలో పెట్టి, పక్కన అసలు వాక్యాన్ని ఒక్క అక్షరం మార్చకుండా ఎత్తి రాయి, దాని పక్కన తెలుగులో అర్థం చెప్పు. పాఠంలో లేనిది ఊహించి రాయొద్దు, లేకపోతే లేదని రాయి. ఒకదానికొకటి పొసగని షరతులు కనిపిస్తే విడిగా చూపించు. చివర మొత్తం ఎన్ని వరసలు రాశావో చెప్పు.'

వచ్చిన వరసల సంఖ్యను ఎల్‌సీ ప్రింటు మీద పెన్సిల్‌తో టిక్కులు పెట్టుకుంటూ మీరూ లెక్కపెట్టండి. నాకు ఇప్పటికీ పదిసార్లలో ఒకసారైనా తేడా వస్తుంది.